పొలమారిన రోజు

తెలావి ఆసుపత్రి, మూడో అంతస్తు.
కిటికీ నిండా కాకసస్ మంచు.
మంచం మీద ఒతియా.

నలభై ఏళ్లు విందులకు తమదా అతను.
అంటే, బల్ల కొసన లేచి నిలబడి
కొమ్ముపాత్ర పైకెత్తి
ఈ గుక్క పోయినవాళ్లకి
ఈ గుక్క ఇంకా పుట్టనివాళ్లకి అని
ఒక్కొక్కరి పేరునా మాట కట్టి
ఆ తర్వాతే తాగనిచ్చే మనిషి.
ఒక పెళ్లిలో ఇరవై మూడు ప్రసంగాలు,
ఇరవై మూడు పాత్రలు,
మధ్యమధ్యలో అడుగు గొంతుతో పాట.
గుటకకీ మాటకీ ఊపిరికీ
ఉన్నది ఒకే సందు.
ఏనాడూ తొక్కిసలాట జరగలేదు.

ద్రాక్షకోతల నెలలో
తలలో ఒక నరం చిట్లింది.
ఇప్పుడు చెంచాడు నీళ్లు
నాలుక చివర నిలబడి
దారి అడుగుతున్నాయి.

రోజూ పదింటికి దారేజాన్ వస్తుంది.
మింగడం నేర్పడం ఆమె ఉద్యోగం.
ఇదీ ఒక ఉద్యోగమేనా అని
మొదటి రోజు అతను కనుబొమతో అడిగాడు.
ఆమె మందుచీటీ వెనక బొమ్మ గీసింది.
"ముందు గొట్టం గాలిది, వెనకది అన్నానిది.
వెనక్కి పోవాలంటే అన్నం
గాలి గుమ్మం ముందు నుంచే పోవాలి.
ఎవరు కట్టారో గాని
అంత మంచి మేస్త్రీ కాదు.
మీ నేలమాళిగలో, మట్టిలో పాతిన కాగుకి
రాతి మూత లేదూ?
ఇక్కడా ఉంది, ఆకంత.
మింగే ప్రతిసారీ గొంతుముడి ఎగిరి పైకొస్తుంది,
మూత వంగుతుంది,
కింద రెండు స్వరతంతులూ తలుపుల్లా దగ్గరపడతాయి,
ఊపిరి ఆగి నిలబడుతుంది.
ఒక్క క్షణం. అంతే.
మళ్లీ అన్నీ తెరుచుకుంటాయి."

తన వేళ్లు తీసి అతని గొంతు మీద పెట్టింది.
గడ్డం కిందికి, ఛాతీ వైపు.
ఊపిరి బిగపట్టు. మింగు. వదులు.
పెళ్లికొడుకుల్ని నిలబెట్టి మాట్లాడించినవాడు
ఆమె చెప్పినట్టు తల వంచాడు.

పాలు తాగే పసివాడి గొంతు పైకి ఉంటుందట,
చీకుతూనే ఊపిరి తీస్తాడట.
పెరిగేకొద్దీ అది కిందికి జారి
మాటకి చోటిస్తుంది.
పొలమారడం, ఆ చోటుకి
మనం కట్టే సుంకం.

ఒతియాకి ఆ సుంకం కూడా పోయింది.
నీళ్లు పక్కదారి పట్టినా దగ్గు రాదు.
మౌనంగా ఊపిరితిత్తుల్లోకి దిగిపోతాయి.
దారేజాన్‌కి భయమంతా ఆ నిశ్శబ్దమే.
అందుకే నీళ్లలో పిండి కలిపి
జావలా చేసి తాగిస్తుంది.
అతను దాన్ని చూసే చూపు
పాడైన ద్రాక్షసారాని చూసే చూపు.

పొలమారితే
ఎవరో తలుచుకుంటున్నారంటాం మన ఊళ్లలో.
ఆ లెక్కన ఐదు వారాలుగా
ఒతియాని ఎవరూ తలుచుకోలేదు.

ఆరో వారం గురువారం.
పిండి లేని నీళ్లు, అరచెంచా, పరీక్షకి.
గడ్డం దించాడు. గొంతుముడి
ముసలి లిఫ్టులా వణికి, పైకి లేచి, ఆగి...
దగ్గు.

మంచం అదిరేలా దగ్గు.
ముఖం ఎర్రబడింది, కళ్ల వెంట నీళ్లు.
తలుపు దగ్గర అల్లుడు గురామీ
నర్సు కోసం పరుగు తీశాడు.
దారేజాన్ మాత్రం చెంచా పట్టుకుని నవ్వుతోంది.
"ఇంకోసారి దగ్గు, ఒతియా! గట్టిగా!"

దగ్గి, దగ్గి,
తెరిచిన గొంతులోంచి గాలి పీల్చి,
ఐదు వారాల తుప్పు పట్టిన స్వరంతో
ఖాళీ చెంచా వైపు చేయి చాపాడు.
తీసుకుని కొమ్ముపాత్రలా ఎత్తాడు, వణుకుతూ.

ఎవరి పేరు చెప్పాడో
గురామీ తిరిగి వచ్చేసరికి అయిపోయింది.
దారేజాన్ విన్నది గాని చెప్పదు.
చీటీలో మాత్రం ఇలా రాసింది:
దగ్గు వచ్చింది. రేపు ముప్పావు చెంచా.